నడుచునవి, పాకునవి, ఎగురునవి

గుమాస్తాగారు ఆ ఆదివారం ఉదయానికి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి. కాఫీ తాగాలి. తర్వాత డాబా ఎక్కి, తేనెటీగల పెట్టెల పక్కనున్న పాత కుర్చీలో కూర్చుని, అవి పనిచేస్తుంటే తాను ఏ పనీ చేయకుండా చూడాలి. వారమంతా లాయరుగారి ఆఫీసులో పరాయివాళ్ళ తగాదాలను సాపు రాసే మనిషికి ఇంతకంటే పెద్ద కోరిక ఉండదు.

ప్రణాళికలో మొదటి అంశం సగం పూర్తయింది. ఎడమ చెంప నున్నబడింది. కుడి చెంప మీద నురగ ఇంకా తెల్లగా, పొంగుగా ఉంది. అప్పుడు అద్దం పక్క కిటికీలోంచి రొద వినిపించింది. తల తిప్పి చూస్తే, డాబాకు కాస్త పైగా గోధుమరంగు మేఘం ఒకటి సుళ్ళు తిరుగుతూ పక్కింటి వైపు సాగిపోతోంది.

"అక్కయ్యా! ఈగలు లేచిపోయాయి!"

"ఎవరితోరా?" అంది అక్కయ్య వంటింట్లోంచి, గరిటె ఆపకుండానే.

తేనెటీగలకు ఇల్లు ఇరుకైతే ముసలి రాణి సగం సంసారాన్ని వెంటబెట్టుకుని కొత్త ఇల్లు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. దారిలో ఎక్కడో ఒకచోట గుత్తిగా వేలాడి కాసేపు ఆగుతుంది. పట్టుకుంటే అప్పుడే పట్టుకోవాలి. ఆ కాసేపు దాటిందంటే ఇక అది ఎవరి రాణో, ఏ ఊరి రాణో!

ఈ సంగతులన్నీ గుమాస్తాగారికి ఆయన భార్య నేర్పింది. పెట్టెలు ఆవిడవే. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే ఆ మనిషి, ఈగల పెట్టెలో మాత్రం గాజులు కూడా తీయకుండా చెయ్యి పెట్టేది. గుంపులో రాణిని గుర్తుపట్టడానికి దాని వీపు మీద గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టేది. ఆవిడ పోయి ఏళ్ళయింది. గోళ్ళరంగు సీసా ఇప్పటికీ అద్దం పక్క అరలోనే ఉంది. గుమాస్తాగారు రోజూ గడ్డం గీసుకునేటప్పుడు దాన్ని కొంచెం పక్కకు జరిపి, పని అయ్యాక మళ్ళీ దాని చోట పెడుతుంటారు.

గుంపు లేచినప్పుడు పళ్ళెం మోగిస్తూ వెంటపడాలని కూడా ఆవిడే చెప్పింది. ఆ మోతకు ఈగలు దిగుతాయని ఆవిడ నమ్మకం. "దిగకపోతే పోనీ. ఇవి మావే, వెనకాలే వస్తున్నామని వీధికి తెలుస్తుంది కదా," అనేది.

అందుకని గుమాస్తాగారు తన పెట్టెలవైపు ఒక్కసారైనా తొంగి చూడకుండా, వంటింట్లోకి దూరి, స్టీలు పళ్ళెం ఒకటి, పెద్ద చెంచా ఒకటి అందుకుని, టంగుటంగుమని వాయిస్తూ వీధిలోకి పరుగెత్తారు. సగం గడ్డం, బనియను, పైజామా. ఒక కాలికే చెప్పు.

మేఘం ఎంతో దూరం పోలేదు. పక్కింటి ఆవరణలోకి దిగి, లోపల ఒక ఇనుప స్తంభానికి బిగించిన బోర్డు మీద వాలి, చూస్తుండగానే దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా కప్పేసింది.

గుమాస్తాగారు గేటు దగ్గర ఠక్కున ఆగిపోయారు. పళ్ళెం మాత్రం ఆగలేదు.

వాలడానికి ప్రపంచంలో ఇన్ని చోట్లుండగా అవి ఆ బోర్డు మీదే వాలాలా!

ఆ ఇల్లు ఇంజనీరుగారిది. మంచినీటి పైపుల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక కూడా ఆయన దృష్టిలో లోకమంతా పైపులే. అందులో ఏది ప్రవహించినా సవ్యంగా, అనుమతితో ప్రవహించాలి. కిందటి వేసవిలో ఒక తేనెటీగ ఆయన్ని కనుబొమ్మ మీద కుట్టింది. కన్ను బూరెలా ఉబ్బింది. ఆయన పిట్టగోడ దగ్గరికొచ్చి, వీధి వీధంతా వినేట్టు అరిచాడు: "చూడవయ్యా గుమాస్తా! ఇకమీదట నువ్వు గానీ, నీ ఈగ గానీ నా ఆవరణలో అడుగు పెట్టారో, కేసు పెడతాను. ఆ పెట్టెలు ఈ వీధిలోంచి లేపించేస్తాను!"

"అడుగు పెట్టమండీ. పెడితే నేనే స్వయంగా పెట్టెలు పంపించేస్తాను. మాట ఇస్తున్నాను," అన్నారు గుమాస్తాగారు. గొడవంటే భయపడే మనిషి. ఆ భయంలో ఎంత పెద్ద మాట ఇచ్చేశారో రాత్రి మంచమెక్కాక గానీ తెలిసిరాలేదు.

ఇంజనీరుగారు అంతటితో ఊరుకోలేదు. హెచ్చరిక బోర్డు పెట్టాలని, దానికి గట్టి వాచకం కావాలని లాయరుగారి దగ్గరికి వెళ్ళాడు. లాయరుగారు తల ఎత్తకుండా, "మా గుమాస్తా రాసిస్తాడు," అన్నారు. ఎవరి మీద రాస్తున్నామో చూడకుండా రాయడం గుమాస్తాగారి వృత్తిధర్మం. పైగా రాయడం మొదలుపెడితే ఆయనకు చేయి ఆగదు. అలా తయారైంది ఆ బోర్డు:

"ఈ ఆవరణములోనికి యజమాని అనుమతి లేనిదే నడుచునవి, పాకునవి, ఎగురునవి ఏవియు ప్రవేశింపరాదు. ప్రవేశించినచో సదరు ప్రాణియు, ప్రాణికి యజమాని యున్నచో సదరు యజమానియు, చట్టరీత్యా జైలునకో, జరిమానాకో, లేక రెంటికినో గురి కాగలరు."

కొత్తగా రంగు వేసిన గేటుకు మేకులు కొట్టడం ఇష్టం లేక ఇంజనీరుగారు బోర్డును లోపల పచ్చిక మధ్య పాతించాడు. వాచకం పెద్దది, పలక చిన్నది కావడంతో అక్షరాలు చీమల్లా వచ్చాయి. చదవాలంటే లోపలికి వెళ్ళాలి. వెళ్ళి చదివితే రాకూడదని తెలుస్తుంది. ఇప్పుడు ఈగలు కప్పేశాక అదీ లేదు. ఆ క్షణంలో ఆ వీధి మొత్తం మీద, బోర్డులో ఏముందో నాకు తెలియదని చెప్పే అవకాశం లేనివాడు ఒకే ఒక్కడు. రాసినవాడు.

కనుక గుమాస్తాగారు గేటు బయటే నిలబడి పళ్ళెం వాయిస్తూ పోయారు. ఆపితే ఈగలు లేస్తాయేమోనని భయం. లోపలికి వెళ్తే పెట్టెలు పోతాయని భయం.

ఇక్కడ ఆయనకు తట్టనిది ఒకటుంది. ఆ వీధిలో చెత్తబండి వచ్చేది పళ్ళెం మోతతోనే. బండివాడు మూత మీద కర్రతో టంగుటంగుమని కొడితే జనం బుట్టలతో బయటికొస్తారు. కొన్నాళ్ళుగా బండి రావడం లేదు. ఇంటింటా బుట్టలు పొంగి, మూతలు టోపీల్లా పైకి లేచి ఉన్నాయి.

మొదట వార్తల పిన్ని వచ్చింది. వీధి చివరి ఇల్లు ఆవిడది. వీధిలో ఏది జరిగినా జరగకముందే ఆవిడకు తెలుస్తుంది కనుక ఆ పేరు. రెండు చేతుల్లో రెండు బుట్టలు.

"ఆదివారం కూడా వచ్చాడే, బంగారుకొండ! ఏడీ బండివాడు?"

"బండి రాలేదు పిన్నిగారూ. నేను వాయిస్తున్నాను."

ఆవిడ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. ఒంటి చెప్పు, బనియను, సగం గడ్డం. "అయ్యో నాయనా," అంది జాలిగా. "ఉద్యోగం పోయిందా? పోతే పోయింది. ఏ పనైతేనేం, చేసుకుంటే తప్పులేదు. ఇదుగో, తడిచెత్త ఇది, పొడిచెత్త ఇది."

"నేను చెత్తకోసం రాలేదండీ! ఈగల కోసం!"

"చెత్తున్నచోట ఈగలు ఉండవూ మరి!"

ఇంతలో ఆవిడ వెనక మరొక బుట్ట, దాని వెనక మరో బుట్ట, దాని వెనక పాత పరుపును ఇద్దరు మోసుకుంటూ. గుమాస్తాగారు ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పబోయారు గానీ, పళ్ళెం వాయిస్తూ మాట్లాడితే తన మాట తనకే వినబడలేదు. వెనకున్నవాళ్ళు, "బండెక్కడ?" అంటే ముందున్నవాళ్ళు, "లోపలుంది కాబోలు, తిప్పుకుంటున్నాడు," అన్నారు. అన్న ముక్క వెనక్కి పోయి, తిరిగి ముందుకొచ్చేటప్పటికి నిజమైపోయింది. వార్తల పిన్ని గేటు గొళ్ళెం తీసేసింది. బుట్టలన్నీ లోపలికి నడిచాయి.

"అయ్యయ్యో, వెళ్ళకండి! అక్కడ బోర్డుంది! జైలుకో, జరిమానాకో, రెంటికినో!"

"ఏ బోర్డూ? ఏమీ లేదే?" అంది పరుపు.

సరిగ్గా అప్పుడే ఇంటి తలుపు తెరుచుకుని ఇంజనీరుగారు బయటికొచ్చాడు. ఆయన చేతిలోనూ ఒక చెత్తబుట్ట ఉంది. పళ్ళెం మోత ఆయనా విన్నాడు. మెట్ల మీద నిలబడి చూశాడు: పచ్చికలో జనం, పూలమొక్కల మీద పరుపు, తన బోర్డు ఉండవలసిన చోట గోధుమరంగుగా కదులుతున్న పదార్థమేదో, గేటు దగ్గర సగం ముఖం తెల్లగా ఉన్న మనిషి మోగిస్తున్న రణభేరి. చేతిలో బుట్ట అక్కడే వదిలేసి, ఒక్క గెంతులో లోపలికి దూరి, తలుపు గడియ వేసి, కిటికీ పక్క నుంచి పోలీసులకు ఫోను చేశాడు. ఆ మాటలు వీధంతా విన్నది.

"గుంపు చొరబడిందండీ! అవును, ఆయుధాలున్నాయి, బుట్టలు! నాయకుడా? సగం గడ్డం!"

గుమాస్తాగారు చెంచా దించారు. పళ్ళెం ఆగింది. వార్తల పిన్నిని బతిమాలి ఆవిడ ఫోను తీసుకుని లాయరుగారికి చేశారు.

"సార్, నా ఈగలు ఇంజనీరుగారి ఆవరణలోకి వెళ్ళాయి సార్. నేను వెళ్ళవచ్చా?"

"ఆదివారమయ్యా!" అన్నారు లాయరుగారు. తర్వాత, పాపం, జాలిపడ్డారు. "చూడు, సొంత సొమ్ము పరాయి స్థలంలోకి పోతే, గొడవ చేయకుండా వెళ్ళి తెచ్చుకున్నవాడికి చెప్పుకోవడానికి ఒక దారంటూ ఉంటుంది. కానీ నష్టం చేయకూడదు, బెదిరించకూడదు. యజమాని పొమ్మంటే నిలబడకూడదు. అడుగు పెట్టకు. నేనొస్తున్నాను."

ఈ సంభాషణ ముగిసేసరికి అక్కయ్య వచ్చేసింది. ఒక చంకలో ఖాళీ పెట్టె, మరో చంకలో తెల్ల దుప్పటి. తమ్ముడి కంటే ఎంత పెద్దదో ఆవిడ ఎవరికీ చెప్పదు గానీ, నడక చూస్తే మాత్రం చిన్నదే అనిపిస్తుంది.

"ఒరే, నీతో ఒక మాట చెప్పాలిరా," అంది.

"ఇప్పుడు కాదక్కయ్యా!"

"డాబా మీదికెళ్ళి పెట్టె తెచ్చాను కదా, అక్కడ ఏం చూశానంటే..."

"అక్కయ్యా, నీకు దణ్ణం పెడతాను. పోలీసులొస్తున్నారు!"

"అయితే నీ ఖర్మ," అని ఆవిడ తిన్నగా గేటులోంచి లోపలికి నడిచి, బోర్డు కింద దుప్పటి పరిచి, మీద పెట్టె పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. "రా మరి. నేనైతే వీటిని ముట్టుకోను."

గుత్తి అంచు కదులుతోంది. ఒకటీ అరా ఈగలు లేచి, చుట్టూ తిరిగి, మళ్ళీ వాలుతున్నాయి. గుత్తి వదులవుతోందంటే ఎగిరే వేళ దగ్గరపడుతోందని అర్థం. అటు పక్కనే జనం, పరుపు. గుమాస్తాగారు గేటు దాటని తన కాలివేళ్ళవైపు చూసుకున్నారు. పోతే పెట్టెలు పోతాయి. పోకపోతే రాణి పోతుంది. ఎర్రచుక్క రాణి. భార్య పోయాక కొత్త రాణులకు ఆ చుక్క పెడుతున్నది తానే అయినా, మొదటి చుక్క పెట్టిన చేయి ఆవిడదే. ఆ రాణి కూతుళ్ళు, వాటి కూతుళ్ళే ఈ సంతతంతా.

ఆయన కళ్ళు మూసుకుని లోపల అడుగు పెట్టారు. చెప్పు లేని కాలు ముందు పెట్టారు. అందులో ఏదో కాస్త మర్యాద ఉంటుందనిపించింది.

"పెట్టాడు! అడుగు పెట్టాడు! నేను చూశాను!" అని కిటికీలోంచి ఇంజనీరుగారు కేక వేశాడు.

అదే అదనుకు పోలీసాయన సైకిలు దిగాడు. నెమ్మదస్తుడు. మొదట గొళ్ళెం చూశాడు, తర్వాత జనాన్ని చూశాడు, తర్వాత ఈగల్ని చూసి టోపీని చెవుల దాకా కిందికి లాక్కున్నాడు.

"ఎవరూ కదలకండి. అనుమతి లేకుండా లోపలికి వచ్చినంత మాత్రాన అందరూ నేరస్థులు కారు. ఏ ఉద్దేశంతో వచ్చారన్నది ముఖ్యం. నేరం చేసే ఉద్దేశంతోనో, ఇంటాయన్ని భయపెట్టే, అవమానించే, చికాకు పెట్టే ఉద్దేశంతోనో వస్తే అప్పుడు జైలు మాట. ఏం పిన్నిగారూ, మీరు ఏ ఉద్దేశంతో వచ్చారు?"

"చెత్త పోయడానికి నాయనా," అంది వార్తల పిన్ని నిజాయితీగా.

"ఇంజనీరుగారి ఆవరణలో?"

"ఎక్కడైతేనేం!"

పోలీసాయన బాధగా నిట్టూర్చాడు. "అలా అనకూడదమ్మా. మరి మీరు?" అని పరుపును అడిగాడు.

"మేము దీన్ని పారేసి పోదామని..." పరుపు నీళ్ళు నమిలింది.

"బాబూ, మీరందరూ కాస్త అబద్ధం చెప్పడం నేర్చుకోండి," అన్నాడు పోలీసాయన. తర్వాత గుమాస్తాగారి వైపు తిరిగాడు. "మీరు?"

"నా ఈగల్ని తీసుకెళ్ళాలని."

"ఆ, అది ఉద్దేశమంటే! చికాకు పెట్టాలని లేదు కదా?"

"లేదండీ. కానీ ఆయనకు చికాకు కలుగుతుందని మాత్రం తెలుసు."

"అది చెప్పక్కర్లేదండీ!"

ఈలోగా వార్తల పిన్ని తన భుజం మీది తువ్వాలు తీసి, అడగకుండానే, గుమాస్తాగారి చెంప మీద ఎండి అట్టకట్టిన నురగను తుడిచేసింది. "అరెస్టయ్యేటప్పుడు ముఖం శుభ్రంగా ఉండాలి," అంది. అంత గొడవలోనూ గుమాస్తాగారికి ఆ తువ్వాలు మెత్తగా, చల్లగా అనిపించింది.

లాయరుగారు వచ్చారు. రావడంతోనే గేటు దాటి, బోర్డు ముందు వంగి, ఈగలు కాస్త పక్కకు జరిగిన మూల నుంచి ఒక ముక్క చదివారు. "ఎగురునవి... సదరు ప్రాణియు..." కళ్ళజోడు తీసేశారు. "ఎవడయ్యా ఇది రాసిన మేధావి? ప్రాణిని జైల్లో ఎలా పెడతారు? కాకికి జరిమానా ఎవడు కడతాడు? ఇది కోర్టులో చదివితే జడ్జిగారు నవ్వి చస్తారు!"

గుమాస్తాగారు ఒంటి చెప్పు వైపు చూస్తూ నిలబడ్డారు.

"తమరి ఆఫీసులోనే రాయించానండీ!" కిటికీ అరిచింది.

లాయరుగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మళ్ళీ చూస్తే చాలా లోతుగా ఉంది. సరే. నా వాదన ఇది. ఈగలు గుమాస్తావి. తన సొమ్ము వెనక తాను శాంతంగా వచ్చాడు. పూచికపుల్ల నష్టం చేయలేదు. పూలమొక్కలు తొక్కింది పరుపు. కనుక కేసు లేదు. కేసంతా ఆ ఒక్క ముక్క మీద నిలబడి ఉంది: ఈగలు గుమాస్తావి."

"అదే నేను ఇందాకటి నుంచి చెప్పాలనుకుంటున్నాను," అంది అక్కయ్య. "ఇవి మనవి కావు."



"ఏమిటక్కయ్యా?"

"ఖాళీ పెట్టెకోసం డాబా మీదికి వెళ్ళానా? మన పెట్టెలన్నీ నిండుగా ఉన్నాయి. మామూలుగా వస్తున్నాయి, పోతున్నాయి. పెద్దపెట్టె మూత ఎత్తి చూస్తే మన ఎర్రచుక్కమ్మ చక్కగా చట్రం మీద పచార్లు చేస్తోంది, పట్టపురాణిలా."

"మరి చెప్పవేం?"

"చెప్పనిస్తేగా! 'తర్వాత అక్కయ్యా, దణ్ణం అక్కయ్యా' అని నా నోరు నొక్కేశావు."

గుమాస్తాగారు గుత్తిని మెల్లగా విడదీశారు. పొట్టనిండా తేనె తాగి బయలుదేరిన ఈగలు కనుక ఏమీ అనలేదు. లోపల, మధ్యలో, పొడుగ్గా మెరుస్తూ రాణి కనిపించింది. వీపు మీద చుక్క లేదు. ఎప్పుడూ ఎవరూ పెట్టిన జాడా లేదు.

ఆయనకు మొదట కలిగింది సంతోషం. తన భార్య చుక్కరాణి ఇంట్లోనే ఉంది. రెండోది కలగడానికి లాయరుగారి ముఖం చూడాల్సి వచ్చింది.

"నీవి కావా?" అన్నారు లాయరుగారు నీరసంగా. "అయితే నువ్వు సొంత సొమ్ము కోసం రాలేదు. పరాయి ఈగల కోసం పరాయి ఆవరణలో... ఏమయ్యా, నా వాదనంతా కూలదోశావు కదయ్యా!"

కిటికీలో ఇంజనీరుగారి ముఖం వెలిగిపోయింది. "విన్నారా! ఏ కారణమూ లేకుండా చొరబడ్డాడు! నువ్వు గానీ నీ ఈగ గానీ అన్నాను. ఈగ రాలేదు, ఒప్పుకుంటాను. నువ్వొచ్చావు! వీధి ముందర ఇచ్చిన మాట! పెట్టెలు లేపు!"

"కాస్త ఆలోచించండి సార్," అన్నాడు పోలీసాయన. "కేసు అంత బలంగా లేదు..."

"కేసు వద్దు. మాట కావాలి."

గుమాస్తాగారు తల పంకించారు. "మాట మాటేనండీ," అన్నారు. "సాయంత్రానికల్లా ఎవరికైనా ఇచ్చేస్తాను. కాకపోతే ఎండ తగ్గనివ్వండి. ఎండలో కదిపితే పాపం మైనం కరిగిపోతుంది."

పరుపు మోస్తున్నవాళ్ళు పరుపు కింద పెట్టారు.

అప్పుడు వార్తల పిన్ని తల పైకెత్తి, చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని, "ఇంతకీ అవెవరివి?" అంది.

"ఎవరివైతేనేం?" అన్నాడు ఇంజనీరుగారు.

"అది కాదు బాబూ. ఇక్కడి నుంచి ఒకటీ అరా లేచి, అదిగో, ఆ పైన మీ పడకగది గోడకున్న గుండ్రటి రంధ్రం దగ్గరికి పోతున్నాయి. అక్కడి నుంచి ఇంకా చాలా వస్తున్నాయి. అక్కడేముంది?"

అందరూ పైకి చూశారు. గాలి కోసం ఎప్పుడో పెట్టి, ఇప్పుడు ఎవరూ పట్టించుకోని ఆ రంధ్రం అంచు నల్లగా, నున్నగా మెరుస్తోంది. ఏళ్ళ తరబడి కాళ్ళు తుడుచుకున్న గుమ్మంలా ఉంది. దాని లోపలికీ బయటికీ ఈగలు రద్దీగా తిరుగుతున్నాయి.

"ఇంజనీరుగారూ," అన్నారు గుమాస్తాగారు, తన కష్టం ఒక్క నిమిషం మరిచిపోయి. "మీ పడకగది గోడలో ఎప్పుడైనా రొద వినిపించేదా?"

కిటికీలో ముఖం ఆలోచనలో పడింది. "వినిపిస్తుంది. కిందటి వేసవికి ముందు నుంచీ. పైపుల్లో గాలి చేరింది. నాకు తెలీదా? పైపులన్నీ విప్పించి మళ్ళీ బిగించాను."

"తగ్గిందా?"

"తగ్గలేదు. ప్లంబర్లను మార్చాను."

"గోడకు చెమ్మ?"

"ఉంది. జిగటగా, పసుపుపచ్చగా. నీళ్ళు లీకవుతున్నాయి."

"చీమలు పట్టేవా?"

జీవితమంతా పైపులు చూసిన మనిషికి నీళ్ళకు చీమలెందుకు పడతాయన్న ప్రశ్న మొదటిసారి ఎదురైంది. ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగి తన పడకగది వైపు చూశాడు.

లాయరుగారు కోటు సవరించుకున్నారు. ముఖంలోకి రక్తం వచ్చింది. "అయితే కిందటి వేసవిలో తమరి కనుబొమ్మను కుట్టిన ఈగ తమరిదేనన్నమాట. ఈ బోర్డు ప్రకారం సదరు ప్రాణికి తమరే యజమాని. ఏడాదికి పైగా తమరి ప్రాణులు అనుమతి లేకుండా వీధి నిండా తిరిగి..."

"ఉండండి లాయరుగారూ!" లోపలి నుంచి ఇంజనీరుగారి గొంతు ఎగిరిపడింది. "ఇవి లోపలికొస్తున్నాయి! లైటు చుట్టూ తిరుగుతున్నాయి! గుమాస్తాగారూ! రండి! లోపలికి రండి!"

'గారు' అన్న ముక్క వీధంతా విన్నది.

గుమాస్తాగారు మెట్ల దగ్గర ఆగారు. "వస్తానండీ. అనుమతి ఇస్తున్నట్టేనా?"

"ఇస్తున్నాను మహాప్రభో!"

"ఇందాకటి అడుక్కి కూడా వర్తిస్తుందా?" అడిగారు లాయరుగారు.

"ఇందాకటికీ వర్తిస్తుంది, రేపటికీ వర్తిస్తుంది! పెట్టెలు వద్దు, మాటలు వద్దు, ముందు రండయ్యా!"

పోలీసాయన సైకిలెక్కుతూ, "ఇది రాజీ కిందికొస్తుంది," అని ప్రకటించి, పిన్ని చేతిలోని పొడిచెత్త బుట్టను, పాపం, తనతో తీసుకెళ్ళాడు.

గుమాస్తాగారు లోపలికెళ్ళి, లైటు ఆర్పి, కిటికీ తెరిచారు. వెలుతురు ఎటుంటే అటు పోవడం ఈగల పద్ధతి. ఒక్కొక్కటే బయటికి వెళ్ళిపోయాయి. మంచం మీద దుప్పటి ముసుగు కప్పుకుని కూర్చున్న ఇంజనీరుగారు ఒక అంచు ఎత్తి చూసి, ముందుగా ఒక గ్లాసు మంచినీళ్ళు ఇచ్చాడు. ఉదయం నుంచీ ఆ దాహం ఒకటుందన్న సంగతి గుమాస్తాగారికి అప్పుడే తెలిసింది.

గోడలోని పట్టును పూలకాలం అయ్యేదాకా కదపకూడదని తేలింది. బోర్డు మీది గుంపు మాత్రం సాయంత్రానికి బుద్ధిగా పెట్టెలోకి నడిచింది. పెట్టె పచ్చికలోనే ఉంటుందని, చూసుకునే బాధ్యత గుమాస్తాగారిదని ఇంజనీరుగారే ప్రతిపాదించాడు. గుమాస్తాగారు ఇంటికెళ్ళి, మిగిలిన కుడి చెంప గీసుకుని, అరలోంచి సీసా తీసుకొచ్చారు. అడుగున ఒక చుక్క మిగిలి ఉంది. కొత్త రాణి వీపు మీద అది సరిపోయింది.

పెట్టెకు మూత లేకపోతే అక్కయ్య ఆ బోర్డునే ఊడబీకి, అక్షరాలు కిందికి ఉండేట్టు బోర్లించింది. ఇప్పుడు ఆ హెచ్చరికను చదవగలిగేవి లోపలి ఈగలు మాత్రమే. అవి దాన్ని పట్టించుకున్న దాఖలా లేదు.

ఇది జరిగాక ఆ గేటుకు గొళ్ళెం వేయడం మానేశారు. గుమాస్తాగారు ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళి వస్తుంటారు. ఇంజనీరుగారు మాత్రం రోజూ సాయంత్రం నడకకు వెళ్ళి తిరిగొచ్చినప్పుడు తన గేటు బయటే ఆగి, పక్క డాబా వైపు తల ఎత్తి, "గుమాస్తాగారూ, లోపలికి వెళ్ళవచ్చా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా బయటే నిలబడతాడు.